జేజి ఆమెన్ చెప్పేదాకా

మొన్న ఆదివారం కర్నూలులో మా కూతురు వాళ్లు వెళ్లే పెద్ద గుడికి నేను కూడా వెళ్లాను. ఈస్టరు ముందొచ్చే శ్రమ దినాలు కదా, ఈ నలభై రోజులైనా ఇంట్లో సోఫాలో కూర్చుని ఫోనులో ఆరాధన చూడడం బాగుండదని నేనే పట్టుబట్టాను. లోపలికి అడుగు పెట్టామో లేదో, మెడలో కార్డు వేసుకున్న ఒక అమ్మాయి నవ్వుతూ వచ్చి నా మనవరాలి చెయ్యి పట్టుకుని పక్కనున్న గాజు గదిలోకి తీసుకుపోయింది. పిల్లలకు అదే గుడి అట. అందులో రంగురంగుల కుర్చీలు, గోడకు పెద్ద టీవీ, ఆ టీవీలో నోవహు ఓడలోంచి తల బయటపెట్టి డాన్సు చేస్తున్న జిరాఫీ. గాజు గోడకు ఇవతల పెద్దవాళ్లం, అవతల పిల్లలు. వాళ్ల అల్లరి మాకు వినపడదు, మా ప్రార్థన వాళ్లకు వినపడదు. ఎంత బాగా ఆలోచించారో అని అందరూ మెచ్చుకుంటుంటే నేనూ తల ఊపాను గానీ, ఎక్కడో మా గుడి తాత మీసం దువ్వుకుంటూ ఆఖరికి తానే గెలిచానని అంటున్నట్టు అనిపించి నవ్వొచ్చింది. ఆ వెంటనే జేజి గుర్తొచ్చి బెంగగా కూడా అనిపించింది.

జేజి అంటే మా నాయనకు తల్లి. గుడి తాత అంటే ఆమెకు సొంత తమ్ముడు, మా సంఘపెద్ద. గుడి తాళంచెవి ఎప్పుడూ ఆయన మొలతాడుకే వేలాడేది గనుక పిల్లలమంతా ఆయనకు ఆ పేరు పెట్టుకున్నాం. మాది ఓర్వకల్లు దాటి లోపలికి పోతే రాతి గుట్టల పక్కన ఉండే చిన్న ఊరు. గుడి గోడలూ నాపరాయే, నేలా నాపరాయే. బయట ఎండకు కోళ్లు నోళ్లు తెరుచుకుని తిరుగుతుంటే లోపల మాత్రం చల్లగా, నిద్ర పట్టేటంత హాయిగా ఉండేది. ఈ నిద్ర సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పని పడుతుంది. పాస్టరు అయ్యగారి చేతి కింద చాలా ఊళ్లు ఉండేవి, ఆయన సైకిలు మా ఊరి దారి పట్టేది ఎప్పుడో ఒకప్పుడు. మిగిలిన రోజుల్లో ప్రార్థన చేసే భారం గుడి తాతదే. ఆ భారాన్ని ఆయన ఎంత ఇష్టంగా మోసేవాడంటే, ఒకసారి ఎత్తుకుంటే మళ్లీ దించేవాడు కాదు.

మా తరం వాళ్లకు అలాంటి ప్రార్థనలు తెలిసే ఉంటాయి. పరలోకంలో మొదలుపెట్టి, ఆకాశం మీదుగా మేఘాల దాకా వచ్చి, వానలు అడిగి, ఎండిన బావులను పేరుపేరునా తలుచుకుని, కోసిగి దిక్కు నుంచి పనులకు వలసపోయే కూలీల మీదుగా ఢిల్లీలో రాజ్యమేలేవాళ్ల దాకా పోయి, తిరిగొచ్చి మా వీధిలో ఈనబోతున్న బర్రె దగ్గర ఆగేవాడు. ఆగడమంటే ముగించడం కాదు, ఊపిరి పీల్చుకోవడం. పిల్లలకు ఆ తేడా ఏం తెలుస్తుంది? ఆయన ఊపిరి పీల్చిన ప్రతిసారీ మేమంతా గొంతెత్తి ఆమెన్ అనేసి, కళ్లు తెరిచి, తలుపు దిక్కు పరుగెత్తేవాళ్లం. శ్రమ దినాల మొదటి ఆదివారం అలాగే, ఆయన ఇంకా ఢిల్లీలో ఉండగానే మేము వీధిలో ఉన్నాం.

ఆ రోజు గుడి తాతకు కోపం నషాళానికి అంటింది. మంచి శుక్రవారం నాడు అయ్యగారు వచ్చి, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం చేసేటప్పుడు పిల్లలెవరూ లోపల ఉండడానికి వీల్లేదని, బయట వేపచెట్టు కింద కూర్చోవాల్సిందేనని, ఇకమీదట ప్రతి పండుగకూ ఇదే పద్ధతని సంఘం అందరి ముందూ చెప్పేశాడు. జేజి వెంటనే కొంగు నెత్తి మీదకు లాక్కుని లేచి నిలబడింది.

"ఏమప్పా పెద్దయ్యా, పిల్లోల్లు ల్యాకుండా గుడి యాడన్నా ఉండాదా? మంచి శుక్రవారం నాడు ఒక్క పిల్లోడు కండ్లు తెర్సినా, నేనే అందర్నీ బయటికి తీస్కపోతా. మల్లా గుళ్లోకి తేను. నేనూ రాను, ఆ యాపసెట్టు కిందే కూసుంటా."

తమ్ముణ్ణి ఇంట్లో ఒరే అని పిలిచే మనిషి గుడిలో పెద్దయ్యా అన్నదంటే అది మర్యాద కాదని, యుద్ధమని మాకు అర్థమైపోయింది. ఆమె అన్నంత పనీ చేసే మనిషి. గుడి ఊడ్చడంలో, పండుగకు గోడలకు సున్నం కొట్టడంలో ఆమె లేని రోజు లేదు. అలాంటి జేజి మా మూలంగా గుడి బయట కూర్చోవలసి వస్తుందన్న ఊహకే మా గుండెల్లో రాయి పడింది.

ఇక ఆ సాయంత్రం నుంచి మొదలైంది మా చదువు. గుడికి పోయేముందు కాళ్లు కడుక్కోవాలి, గడప తొక్కకూడదు, బైబిలు నేల మీద పెట్టకూడదు, ప్రసంగపీఠం ముందు నుంచి పోయేటప్పుడు తల వంచి పోవాలి, ఇవన్నీ మామూలు పాఠాలే. అసలు పాఠం ప్రార్థనది. మా ఇంటి ముందు బండల మీద మమ్మల్నీ, మా నాయన అన్నదమ్ముల పిల్లలనూ మేనత్త పిల్లలనూ వరసగా మోకాళ్ల మీద నిలబెట్టి జేజి ఒక కొత్త చట్టం పెట్టింది. గుడి తాత ఎన్నిసార్లు ఆగినా, ఎవరు ఆమెన్ అన్నా, అది మాకు లెక్క కాదు. వెనక నుంచి జేజి గొంతు సవరించుకుని, మోకాలి మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచి, మొదటి అక్షరాన్ని బావిలోంచి చేద లాగినట్టు సాగదీసి ఆమెన్ అంటుంది. అదే మా ఆమెన్. అది వినపడేదాకా కళ్లు తెరవకూడదు, కదలకూడదు.

తర్వాత ఆమె పెట్టిన పరీక్షలు తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది. మేము కళ్లు మూసుకుని ఉండగా మా ముక్కుల ముందే శెనక్కాయలు వేయించేది. మేకపిల్లను మా మధ్యకు వదిలేది, అది మా చెవులు నాకేది. ఉన్నట్టుండి గుడి తాత గొంతు పెట్టి దొంగ ఆమెన్ చెప్పేది. ఆ గొంతు ఎంత బాగా వచ్చేదంటే, ఒకసారి దారిన పోతున్న మా పెదనాయన కూడా వీధిలో ఆగి ఆమెన్ అని పోయాడు. కళ్లు తెరిచినవాళ్లకు ఆ రోజు శెనక్కాయలు లేవు. మంచి శుక్రవారానికి ముందొచ్చే మట్టలాదివారం నాటికి మేము ఎంత ఆరితేరామంటే, మేకపిల్లకే మా మీద విసుగు పుట్టింది. మా అందరిలోకీ చిన్నది మా మేనత్త కూతురు. జేజి భయమంతా దాని గురించే.

మంచి శుక్రవారం రానే వచ్చింది. తెల్లవారకముందే లేచి గుడి కడిగి, చాపలు పరిచి, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉన్న జేజి, ఆడవాళ్ల వైపు మా వెనకే గోడ వార కూర్చుంది. మాటకొక పాట, మాటకొక ప్రసంగం. మేము బొమ్మల్లా కూర్చున్నాం. అయ్యగారు మా వైపు చూసి మెచ్చుకోలుగా తలాడించడం, గుడి తాత మీసం కింద పళ్లు కొరుక్కోవడం రెండూ కనపడ్డాయి. ఆఖరి ప్రార్థన ఆయనదే. మమ్మల్ని ఎలాగైనా కదిలించాలని ఆ రోజు ఆయన పరలోకానికి పైనుంచి మొదలుపెట్టాడు. మేఘాల దగ్గర ఆగాడు. మేము కదల్లేదు. బావుల దగ్గర ఆగాడు, ఢిల్లీలో ఆగాడు, బర్రె దగ్గర ఏకంగా ఒక దగ్గు దగ్గి మరీ ఆగాడు. ఎవ్వరమూ కదల్లేదు. చివరికి ఆయన ఆమెన్ అన్నాడు, సంఘమంతా ఆమెన్ అంది, అయ్యగారు చేతులెత్తి దీవెన కూడా ఇచ్చేశారు.

మేము మాత్రం మోకాళ్ల మీదే ఉన్నాం, కళ్లు గట్టిగా మూసుకుని. మా ఆమెన్ రాలేదు.

చాపలు చుట్టే చప్పుడు మొదలై, ఆగిపోయింది. గుసగుసలు వినపడ్డాయి. ఎవరో పెద్దామె ఏడుపు గొంతుతో, "ఆత్మ దిగినాదమ్మా, పిల్లోల్ల మీద ఆత్మ దిగినాది!" అనేసింది. అంతే, బయటికి పోయినవాళ్లు కూడా తిరిగొచ్చారు. ఒకరు స్తోత్రం అంటే ఇంకొకరు ఏడుపు అందుకున్నారు. గుడి తాత గొంతు వణకడం వినపడింది. ఈ పసివాళ్లనా నేను వేపచెట్టు కిందకు పంపబోయింది ప్రభువా అంటూ మా పక్కనే మోకాళ్లూని, మళ్లీ మేఘాల నుంచి అందుకున్నాడు. ఇంకో ఊరికి పోవలసిన అయ్యగారికి కూడా, చేతి గడియారం చూసుకుంటూనే, మోకరించక తప్పలేదట. మా వెనక నుంచి సన్నగా ఒక మూలుగు వస్తోంది. అది జేజి చేస్తున్న వేదన ప్రార్థన అనుకున్నారందరూ. అది గురక అని మాకు తెలుసు, కానీ కళ్లు తెరిచి చెప్పేదెవరు?

మోకాళ్లు నొప్పి, పొట్టలో ఆకలి, ప్రార్థన మళ్లీ ఢిల్లీ దారి పట్టింది. అప్పుడు మా మేనత్త కూతురు, కళ్లు తెరవకుండానే, కదలకుండానే, గుడంతా మారుమోగేలా ఒక్క కేక పెట్టింది.

"జేజీ, ఆమెన్ సెప్పు జేజీ! ఒంటేలొస్తాండాది!"

ఉలిక్కిపడి లేచిన జేజి, తానెక్కడున్నదో తెలియకపోయినా అలవాటు కొద్దీ మోకాలి మీద ఒక్క చరుపు చరిచి, "ఆఆఆమెన్" అంది. పిల్లలమంతా ఒక్క దుముకు దూకి, గడప తొక్కకుండా, పీఠం ముందు తల వంచి మరీ, బయటికి పరుగెత్తాం. గడప అవతల ఆగి లోపలికి తొంగి చూశాం. మంచి శుక్రవారం నాడు ఎవరూ నవ్వరు. మొదట అయ్యగారే తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నారు, ఆ తర్వాత ఎవరి వల్లా కాలేదు. గుడి తాత ముఖం కందగడ్డ అయింది గానీ ఆయన న్యాయం తెలిసిన మనిషి. మోకాళ్లు దులుపుకుని లేచి తీర్పు చెప్పాడు.

"అక్కా, పిల్లోల్లు గెల్సినారు, నువ్వు ఓడిపోయినావు. ఇంక పిల్లోల్లు లోపల, నువ్వు యాపసెట్టు కింద."

ఆమెను ఎవరూ బయట కూర్చోబెట్టలేదు గానీ, ఆ తర్వాత బతికినన్నాళ్లూ జేజి గుడిలో గోడకు ఆనుకోలేదు. మేము పెరిగి, ఉద్యోగాలకూ అత్తగారిళ్లకూ చెదిరిపోయి, నేను రాజంపేటలో పంతులమ్మగా ఉన్న రోజుల్లో ఆమె కన్నుమూసింది. సమాధి దగ్గర ముసలివాడైన గుడి తాతే ప్రార్థన చేశాడు. ఆ రోజు మేఘాలూ లేవు, ఢిల్లీ లేదు, నాలుగు మాటల్లోనే ముగించేశాడు. అందరూ ఆమెన్ అన్నారు, మట్టి వేయడానికి కదిలారు. నేను కళ్లు తెరవలేకపోయాను. ఏడుపు వల్ల అనుకున్నాను. కానీ పక్కనున్న మేనత్త కూతురి చెయ్యి నా చేతిలో బిగుసుకునే ఉంది, మా అన్నలూ కదిలిన అలికిడి లేదు. పిల్లలున్న మగవాళ్లు, తల నెరుస్తున్నవాళ్లు, అందరం అలాగే నిలబడ్డాం. కాసేపటికి గుడి తాత గొంతు సవరించుకోవడం వినపడింది. తొడ మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచి, ఆ అక్షరాన్ని అచ్చం అక్కలాగే సాగదీసి ఆమెన్ అన్నాడు. అప్పుడు తెరిచాం కళ్లు.

మొన్న ఆ పెద్ద గుడిలో కూడా, మైకులో ఆమెన్ వినపడ్డాక నేను కొంచెంసేపు అలాగే కళ్లు మూసుకుని ఉండిపోయాను. తెరిచేసరికి మనవరాలు గాజు గదిలోంచి వచ్చి నా కొంగు లాగుతోంది, ఎందుకు నిద్రపోయావని అడుగుతోంది. ఏం ప్రార్థన చేశారమ్మా అని అడిగితే జిరాఫీ సంగతి చెప్పింది. దాని తప్పేముంది? ప్రార్థనలో విసుగు పుట్టే అదృష్టం కూడా దానికి ఎవరూ ఇవ్వలేదు. ఈ మంచి శుక్రవారం దాన్ని ఆ గదిలోకి పంపకుండా నా పక్కనే కూర్చోబెట్టుకుందామనుకుంటున్నాను. కదులుతుంది, ప్రశ్నలు వేస్తుంది, చుట్టుపక్కలవాళ్లు తిరిగి చూస్తారు. చూడనీ. నేను గోడకు ఆనుకోకుండా ఉంటే చాలు.