విమానం కింద పాఠం చెప్పిన కామేశ్వరి మేడమ్

ఇంగ్లండ్ ఉత్తరాన నేను చదువుకుంటున్న ఊళ్ళో, నలుగురం కలిసి అద్దెకున్న ఇంటి వంటగదిలో బియ్యం కడుగుతుండగా శంషాబాద్ నుంచి బాపు ఫోన్ చేశాడు. ఎప్పుడూ "తిన్నవా బిడ్డా?" అని మొదలుపెట్టే మా నాయన ఆ రోజు ఆ మాట అడగలేదు. "మీ కామేశ్వరి మేడమ్ లేదు బిడ్డా ఇగ. పొద్దుగాల నిద్రల్నే పానం పోయిందంట," అన్నాడు. నాకు అర్థం కాలేదు. ముందురోజు సాయంత్రమే మేడమ్ నాతో మాట్లాడారు. ఇంగ్లండులో జూలై నెలకు స్వెట్టరు ఒకటి సరిపోతుందా, రెండు కావాలా అని చాలాసేపు వాదించారు. స్వెట్టర్ల సంగతి ఇంకా తేలనేలేదు. ఏ పనీ సగంలో వదలని మనిషి దాన్ని అలా వదిలేసి ఎలా వెళ్ళిపోతారు? నమ్మలేక బాపుని అదే మాట మళ్ళీ మళ్ళీ అడిగాను. ఆయన ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ అదే చెప్పాడు.

శంషాబాద్ చుట్టుపక్కల రసాయనశాస్త్రం చదివిన పిల్లల్లో కామేశ్వరి మేడమ్‌ని ఎరగనివారు తక్కువ. కాకినాడ దగ్గర పుట్టి, క్లాసులో ఆడపిల్లలు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది ఉన్న రోజుల్లో కెమికల్ ఇంజినీరింగ్ చదివారు. కొన్నాళ్ళు ఒక రంగుల ఫ్యాక్టరీ ప్రయోగశాలలో పనిచేశారు. భర్త రావుగారికి బ్యాంకు ఉద్యోగంలో హైదరాబాద్ బదిలీ అయ్యాక, ఊరికి దూరంగా ప్రశాంతంగా ఉంటుందని ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఆ ప్రశాంతత ఎంతకాలం నిలిచిందో మీకు తెలుసు. "నేను ఎయిర్‌పోర్టు దగ్గరికి రాలేదమ్మా, అదే నా దగ్గరికొచ్చింది," అని ఆమె ప్రతి కొత్త బ్యాచికీ ఫిర్యాదు చేసేవారు, అది మేమే కట్టించినట్టు.

పాఠం చెప్పే చోటు వాళ్ళ డాబా మీది రేకుల షెడ్డు. దిగే విమానం ఆ రేకుల్ని రాసుకుంటూ పోతోందేమో అనిపించేది. ఆ హోరులో ఎంత అరిచినా వినబడదు, అరవడం మేడమ్‌కి అసలు గిట్టదు. అందుకని ఒక పద్ధతి పెట్టారు. చప్పుడు మొదలవగానే ఏ మాట మధ్యలో ఉంటే అక్కడ ఆగిపోవాలి. పెన్నులు కింద పెట్టాలి. గుసగుసలు పనికిరావు. చెప్పాల్సిన మాటని నోట్లోనే పట్టుకుని కూర్చోవాలి. విమానం వెళ్ళగానే సరిగ్గా ఆపిన చోటు నుంచి అందుకోవాలి. "ఎక్కడ ఆపాం?" అని అడగడం ఆ షెడ్డులో మహాపరాధం. ఆమె "సోడియం హైడ్రా" దగ్గర ఆగితే, విమానం దాటాక మాకు వినపడే మొదటి ముక్క "క్సైడ్". మాలో ఎవరైనా జవాబు సగంలో ఆపి మిగతా సగం మింగేస్తే సున్నా. "మధ్యలో ఆగడం తప్పు కాదమ్మా. ఆగిన చోటు మరిచిపోవడం తప్పు," అనేవారు.

నేను కొత్వాల్‌గూడ పిల్లని. ఆదివారం చర్చి అయ్యాక షేర్ ఆటో ఎక్కి ట్యూషన్‌కి వచ్చేదాన్ని. మా బాపుది విమానాల్లో సామాన్లు ఎక్కించే పని. ఇంటర్మీడియట్ అవుతుండగా ఒక ఇంగ్లండ్ విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజినీరింగ్ డిగ్రీకి నాకు సీటు, ఉపకారవేతనం వచ్చాయి. దరఖాస్తు పెట్టించింది మేడమే. బాపు సంతోషించలేదు సరికదా, యూనిఫాం కూడా మార్చుకోకుండా నేరుగా ఆమె ఇంటికి పోయాడు.

"మేడమ్, మైలార్‌దేవ్‌పల్లి ఫ్యాక్టరీల దిక్కు పోతే ఒక్కోపారి ముక్కు మూసుకోవాలె. గదే గదా కెమికలంటే? గదానికి గంత దూరం ఎందుకు, జర మీరే చెప్పుండ్రి," అన్నాడు.

"ఆ వాసన బయటికి రాకుండా చూసేవాళ్ళనే కెమికల్ ఇంజినీర్లంటారండీ," అన్నారు మేడమ్. "మీ అమ్మాయి నేర్చుకొస్తే మీరు ముక్కు మూసుకోనక్కర్లేదు."

బాపు "గట్లనా?" అని, ఆమె ఇచ్చిన కాఫీ తాగి, ఇంటికొచ్చి మా అమ్మతో నన్ను పంపుదామన్నాడు. ఆ జవాబుని ఆయన తర్వాత పాస్టరు గారికీ, తోటి లోడర్లకీ, ఆటోవాళ్ళకీ తానే కనిపెట్టినట్టు చెప్పుకున్నాడు.

వెళ్ళే ముందు మేడమ్ నన్ను వాళ్ళ నీళ్ళ సంపు దగ్గరికి తీసుకెళ్ళి మూత తీసి చూపించారు. "లోపలికొచ్చింది, బయటికెళ్ళింది, మిగిలింది. కెమికల్ ఇంజినీరింగ్ అంటే ఈ మూడే. మిగతాదంతా భయం," అన్నారు. తర్వాత నేను చదివిన లావుపాటి పుస్తకాలన్నీ నిజంగానే ఆ మూడు మాటల దగ్గరే మొదలయ్యాయి. భయం గురించి మాత్రం వాటిలో ఎవరూ రాయలేదు.

ఆ భయం రెండో ఏడు నన్ను పట్టుకుంది. హీట్ ట్రాన్స్‌ఫర్ పరీక్ష తప్పాను. ఒక్కసారి మళ్ళీ రాసే అవకాశం ఇస్తారు. అందులోనూ పోతే ఉపకారవేతనం ఆగిపోతుంది, దాంతో చదువూ ఆగిపోతుంది. అక్కడ చేయి పట్టుకుని చెప్పేవాళ్ళుండరు. లెక్చరర్ తెర మీద బొమ్మ చూపించి వెళ్ళిపోతాడు, మిగతాది నువ్వే చదువుకోవాలి. వచ్చేస్తాను, మన ఊళ్ళోనే ఏదో డిగ్రీ చేస్తానని బాపుకి ఫోన్లో ఏడుస్తూ చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేసి, మేడమ్ ఇంటికి వెళ్ళి అక్కణ్ణుంచి వీడియో కాల్ చేశాడు.

"ఏమ్మా రూతూ, వచ్చేస్తానన్నావట?"

"నావల్ల కాదు మేడమ్. భయమేస్తోంది."

"భయం నీకొక్కదానికే ఉందా? విమానమంటే నాకు చచ్చేంత భయం. ఇన్నేళ్ళూ ఎక్కలేదు."

వెనక నుంచి రావుగారు అందుకున్నారు. "పెళ్ళయిన దగ్గర్నుంచీ నన్ను రైళ్ళలోనే తిప్పుతోందమ్మా. కాశీకీ రైలే, కాశ్మీరుకీ రైలే."

బాపు ధైర్యం చెప్పబోయాడు. "ఏం గాదు మేడమ్. నేను రోజూ దాని కడుపుల సామాన్లు ఎక్కిస్త."

"సామాన్లు సరే. మీరెప్పుడైనా ఎక్కారా?"

"నేనెందుకు ఎక్కుత మేడమ్? నాక్కూడ భయమే."

అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. మేడమ్ నవ్వలేదు. "సరే, విను. నువ్వు ఆ పరీక్ష రాయి. నువ్వు పట్టా పుచ్చుకునే రోజుకి నేను విమానం ఎక్కి వస్తాను. ఎవరి భయం వాళ్ళం మింగుదాం," అన్నారు. బాపు వైపు తిరిగి, "మీరూనండీ," అన్నారు. బాపు ముఖం తెరమీద నుంచి పక్కకి జరిగిపోయింది.

ఆ తర్వాత పరీక్ష దాకా ప్రతి ఆదివారం ఫోన్లో పాఠం. వేడి ఎలా కదులుతుందో నేను చెప్పాలి, ఆమె వినాలి. నాకు రాని చోట స్టీలు గ్లాసులో కాఫీ పోసి కెమెరా ముందు పెట్టేవారు. "ఎటు పోతోంది వేడి? గ్లాసుకా, గాలికా, నా వేళ్ళకా? సమీకరణం తర్వాత, ముందు దారి చెప్పు." శంషాబాద్‌లో విమానం వస్తే ఫోన్లో హోరు వినిపించేది, చడీచప్పుడు లేని ఇంగ్లండు ఆకాశం కింద నేను నోట మాట పట్టుకుని కూర్చునేదాన్ని. నా రూమ్మేటు చూసి, మీ మతంలో ఇదొక ప్రార్థనా అని అడిగింది. ఆ పరీక్ష పాసయ్యాను. మంచి మార్కులతోనే పాసయ్యాను.

ఆ అలవాటు ఎంత లోతుకి దిగిందో చివరి ఏడు తెలిసింది. మా బృందం రూపొందించిన ప్లాంటు గురించి ప్రొఫెసర్ల ముందు నేను మాట్లాడుతున్నాను. "ఈ దశలో ఉష్ణో" దగ్గరున్నాను, ఆంగ్లంలోనే అనుకోండి, ఇంతలో భవనం మీదుగా హెలికాప్టరు పోయింది. ఠక్కున ఆగిపోయాను. చేతిలో ఉన్న పెన్ను బల్ల మీద పెట్టేశాను. మా బృందంలో వాళ్ళు బిక్కచచ్చిపోయారు. ఒక ప్రొఫెసరు మంచినీళ్ళ సీసా పట్టుకుని లేచి నిలబడ్డారు. చప్పుడు పోగానే నేను "గ్రత" అని అందుకుని, ఏమీ జరగనట్టు మిగతాదంతా చెప్పేశాను. తర్వాత కారణం చెబితే అందరూ పడీపడీ నవ్వారు. అంత నింపాదిగా మౌనంగా నిలబడ్డ విద్యార్థిని తానింతవరకు చూడలేదన్నారు ఆ ప్రొఫెసరు. మేడమ్‌కి చెబితే గర్వంతో పొంగిపోయారు. "ఆయన్ని ఓసారి మా డాబా మీదికి రమ్మను, ఇంకా బాగుపడతాడు," అన్నారు.

ఇక మేడమ్ వంతు వచ్చింది. ఒకేసారి ఇంగ్లండ్ అంటే గుండె ఆగుతుందేమోనని, ముందు విశాఖపట్నం దాకా ఎక్కి చూస్తానన్నారు. ఆ ప్రయాణం కథ రావుగారు నాకు ఫోన్లో చెప్పారు. బెల్టు పెట్టుకున్నాక మేడమ్, "ఏమండీ, గ్యాసు స్టవ్వు" అన్నారట. సరిగ్గా అప్పుడే ఇంజిన్లు హోరెత్తాయి. అంతే, నోరు మూశారు, కళ్ళు మూశారు. "స్టవ్వుకేమైంది? కట్టెయ్యలేదా?" అని రావుగారు అడుగుతూనే ఉన్నారు. ఆమె అరచెయ్యి ఎత్తి ఆగమన్నారే తప్ప పెదవి విప్పలేదు. శంషాబాద్‌లో తన ఇల్లు తగలబడిపోతున్నట్టు ఊహించుకుంటూ ఆయన మేఘాల్లో చెమటలు కక్కారు. విశాఖలో విమానం దిగి, ఇంజిన్లు ఆగాక మేడమ్ కళ్ళు తెరిచి, "కొత్తది కొందామండీ, పాతదానికి ఒక బర్నరు మండట్లేదు," అన్నారట.

"మధ్యలో చెప్పొచ్చు కదే!" అని ఆయన లబోదిబోమంటే, "విమానం వెళ్తోంటే ఎలా మాట్లాడతానండీ?" అన్నారట. పైగా భయం పోయిందని చాటుకోవడానికి తిరుగు ప్రయాణం కూడా విమానంలోనే చేశారు.

నా ఫలితాలు వచ్చాయి. డిగ్రీ పూర్తయింది. రావుగారితో కలిపి ముగ్గురికీ వీసాలు వచ్చాయి, టిక్కెట్లు కొన్నారు. పట్టా పుచ్చుకునే సభకి ఒక్కొక్కరి తరఫున ఇద్దరినే రానిస్తారు. నా ఇద్దరూ ఎవరో ఎప్పుడో ఖాయమైపోయింది, బాపు, మేడమ్. మిగిలిందల్లా స్వెట్టర్ల లెక్క. అప్పుడు మేడమ్ వెళ్ళిపోయారు. నాకు దుఃఖం కంటే ముందు కోపమొచ్చింది. అంత భయాన్ని అంత కష్టపడి మింగిన మనిషికి, దాని ఫలం అనుభవించడానికి ఇంకొన్ని వారాలు ఇస్తే ఏం పోయింది? ఆ సభలో నేను గౌను తొడుక్కుని వేదిక ఎక్కేటప్పుడు ఆమె కుర్చీలో ఆమె ఉండరు. ఈ లోటు ఇంకెవరి వల్లా తీరదు. అయినా కుర్చీ ఖాళీగా ఉంచడం ఆమెకి నచ్చదంటూ రావుగారు వస్తున్నారు. స్వెట్టర్లు రెండూ తెస్తారట, ఒకటి బాపుకి.

ఆమె కోసం శంషాబాద్ వచ్చేశాను. పెద్దకర్మ అయ్యాక వచ్చిన ఆదివారం, ఆ రేకుల షెడ్డులోనే సంస్మరణ సభ పెట్టుకున్నాం. మామిడిపల్లి నుంచి, హైదరాబాదు నలుమూలల నుంచి పాత విద్యార్థులు వచ్చారు. డాక్టర్లున్నారు, టీచర్లున్నారు, చంకలో పిల్లల్ని ఎత్తుకొచ్చిన అక్కలున్నారు. విశాఖ ప్రయాణం కథ రావుగారు మళ్ళీ చెబితే షెడ్డంతా నవ్వింది, చెబుతూ ఆయనా నవ్వారు. తర్వాత నన్ను మాట్లాడమన్నారు. నాకు సభల్లో మాట్లాడటం రాదు, అందరూ అనే మాటతోనే మొదలుపెట్టాను.

"కామేశ్వరి మేడమ్ ఇక మన మధ్య"

విమానం వచ్చింది.

ఆగాను. నేనే కాదు, అందరూ ఆగారు. టీ కప్పులు చప్పుడు లేకుండా కిందికి దిగాయి. ఎవరో పెన్ను కింద పెట్టారు. జుట్టు నెరిసిన ఒకాయన చేతులు కట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. రేకులు అదిరాయి. ఆ హోరులో ఒక్కరూ పక్కవాళ్ళ వైపు తిరగలేదు. విమానం దాటిపోయింది. నేను ఎక్కడ ఆపానో నాకు బాగా తెలుసు. చెప్పాల్సింది ఒక్క మాట. షెడ్డంతా నా నోటి వైపు చూస్తోంది, మేడమ్ నేర్పినట్టే.

వెనక వరసలోంచి బాపు మెల్లగా అన్నాడు. "చెప్పు బిడ్డా. విమానం పోయింది."

ఆమె పెట్టిన నిశ్శబ్దంలో అంతమందిమీ కూర్చుని ఉంటే, ఆమె లేరని నేనెలా చెప్పను? నాకు నోరు రాలేదు. వాక్యం అక్కడే వదిలేసి, ఆమె పటానికి దణ్ణం పెట్టి కూర్చున్నాను.

సగంలో ఆపిన జవాబుకి మీరు సున్నా వేస్తారు. తెలుసు మేడమ్. ఈ ఒక్క సున్నా మాత్రం తలవంచి, సంతోషంగా తీసుకుంటాను.