ప్రెసిడెంటుగారికి నేను పట్టిన మైల

మా చిన్నప్పుడు... ఏలూరులో మా వీధి వీధంతా పొద్దున్నే ఒక్క అరుగు దగ్గరే ఉండేది. ఆ అరుగు మాది కాదు. గోడకి అవతల, సుందరి వాళ్ళది.

సుందరి నాన్నగారు సహకార బ్యాంకు ప్రెసిడెంటు. మునిసిపాలిటీలో కౌన్సిలరు కూడా. ఊళ్ళో అందరికీ ఆయన 'ప్రెసిడెంటుగారు'. కొల్లేటి లంకల నుంచి దోనెల్లో బయల్దేరి, ఆపైన నడిచి వచ్చినవాళ్ళు తలగుడ్డలు తీసి ఆ అరుగు మీద కూర్చునేవారు. ఒకరికి విత్తనాలు కావాలి, ఒకరికి ఆస్పత్రిలో మంచం కావాలి, ఇంకొకరికి పిల్లని బళ్ళో వెయ్యాలి... అందరి మాటా వినేవారాయన. సుందరి ఆయన కుర్చీ చేతి మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ ఉండేది.

ఆ ఊగే కాళ్ళు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు గుమస్తా. శనివారం సాయంత్రం రైలుకి వచ్చి, ఆదివారం సాయంత్రం రైలుకి వెళ్ళిపోయేవారు. చొక్కా మడతల్లో ఎప్పుడూ తవుడే... దగ్గరికి తీసుకుంటే తుమ్ములొచ్చేవి. ఆయన కోసం మా ఇంటికి ఎవరూ వచ్చేవారు కాదు.

ఒకరోజు లంకల నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు నన్ను చూసి, "ఈ పాపెవరండీ?" అని అడిగారు. ప్రెసిడెంటుగారు కాగితం మీంచి తలెత్తకుండానే "మా అమ్మాయేనండీ" అన్నారు.

మా వైపు పక్కింటి పిల్లని అలా చెప్పడం మర్యాద. అందులో అంతకు మించి ఏమీ లేదని ఇప్పుడు తెలుసు. పదేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుంది... ఆ మాట సుందరి వినలేదే అన్న బాధతో చాలా రోజులు తిరిగాను.

కొల్లేరు పొంగిన ఏడు ఆయన లంకల్లో బియ్యం పంచడానికి వెళ్ళి, జ్వరంతో తిరిగొచ్చారు. మళ్ళీ లేవలేదు. ఒక మంగళవారం పొద్దున్న పోయారు.

బజారు మూసేశారు. లంకల జనం మోకాళ్ళ దాకా బురదతో వచ్చి వీధిలో నిలబడ్డారు. లోపల ఆడవాళ్ళందరూ వంతులేసుకున్నట్టు సుందరి తల నిమురుతున్నారు. చెప్పడానికి ఈ వయసులో కూడా సిగ్గుగానే ఉంది... నాకు ఏడుపు కన్నా ముందు కుళ్ళు వచ్చింది. ఆ తర్వాతే ఏడ్చాను. పక్కింటి పిల్ల దడుచుకుంది, తీసుకుపొమ్మని ఎవరో మా అమ్మకి అప్పజెప్పారు.

అమ్మ నా తల మీద నీళ్ళు పోసి, మైల వాళ్ళకే గాని మనకి లేదని చెప్పి అన్నం పెట్టింది.

సుందరికి పదకొండు రోజులు. నాకు రెండు చెంబుల నీళ్ళు!

అంతే... నేనూ మైల పట్టాను. అమ్మ చూడనప్పుడల్లా బొట్టు చెరిపేసుకున్నాను. నూనె రాస్తే తలనొప్పి వస్తోందన్నాను. ఉక్క వంక పెట్టి మంచం దిగి చాప మీద పడుకున్నాను. దేవుడి గూడు వైపు వెళ్ళలేదు.

మూడో రోజు గోడ దగ్గర సుందరి కనిపిస్తే, చింపిరి జుట్టుతో, బోసి నుదురుతో వెళ్ళి దాని ఎదుట నిలబడ్డాను. పోటీకే వెళ్ళానేమో. అది నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

"నీకు మీ నాన్న శనివారం వస్తారుగా" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

దానికెంత పొగరో అనుకున్నాను అప్పుడు...

శనివారం సాయంత్రం నాన్నగారు వచ్చే వేళకి నాకు జడ వేద్దామని కూర్చోబెట్టిన అమ్మకి దొరికిపోయాను. అడిగితే దాచలేదు, చెప్పేశాను. అమ్మ మొహం పాలిపోయింది.

"మీ నాన్న నిక్షేపంలా ఉండగా బొట్టు చెరుపుకుంటావుటే?" అని వీపు మీద ఒక్కటి వేసింది. కొట్టి, తనే ఏడ్చింది.

నాన్నగారు అప్పటికే గుమ్మంలో ఉన్నారు. అంతా విన్నారు. చేతిలో జీళ్ళ పొట్లం గూట్లో పెట్టి, కాళ్ళు కడుక్కుని వచ్చి నా చాపకి కాస్త దూరంగా కూర్చున్నారు.

"ఎన్నాళ్ళయిందమ్మా?"

"ఐదు రోజులు."

"మొదలెట్టావుగా... మధ్యలో మానకు" అన్నారు. మా అమ్మ ఏదో అనబోతే, అంత మనిషికి ఒక కూతురు ఎక్కువైతే తప్పేముందని ఆపారు.

చాలాసేపు తవుడు అంటిన చొక్కా అంచు దులుపుకుంటూ కూర్చున్నారు. తర్వాత, నా వైపు చూడకుండా, చాలా మెల్లిగా అడిగారు.

"నాకూ ఇలాగే మైల పడతావా?"

ఆయన గొంతులో ఉన్నది ఏమిటో నాకు బాగా తెలుసు. ఐదు రోజులుగా... కాదు, ఆ కుర్చీ చేతిని చూసిన నాటి నుంచీ నా గొంతులో ఉన్నదే అది.

పదకొండు రోజులూ పట్టాను.

ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయ్యాక, కాలేజీలో పాఠాలు చెబుతుండగా నాన్నగారు పోయారు. టెలిగ్రాం అందుకుని వెళ్ళాను. నాలుగో రోజు పొద్దున్నే మేనత్త నూనె గిన్నె పట్టుకొచ్చింది. "పెళ్ళయిన పిల్లకి మూడు రోజులేనమ్మా. నువ్విప్పుడు వాళ్ళింటి దానివి" అంటూ తలకి నూనె పెట్టింది.

పదేళ్ళప్పుడు ఎవరికీ చెప్పకుండా, ఎవరూ ఒప్పుకోని మైల పట్టినదాన్ని... ఎమ్మే చదివి, తల వంచుకుని కూర్చున్నాను. ఆచారం కాబట్టి ఊరుకున్నానా? ఆ మర్నాటితో సెలవు అయిపోతుందనా? నాకు ఇప్పటికీ తేలడం లేదు.

ఇప్పుడు బ్యాంకుకి వెళితే ఇత్తడి టోకెను చేతిలో పెట్టి అంకె పిలుస్తున్నారు. అక్కడి ప్రెసిడెంటు ఎవరో, ఉన్నారో పోయారో కూడా మనకి తెలియదు. ఆయన కోసం బొట్టు చెరుపుకునే వెర్రి పిల్లలూ ఉండరు... మంచిదేనేమో.

మీరూ చిన్నప్పుడు ఎవరి నాన్ననో చూసి కుళ్ళుకునే ఉంటారు. చెప్పండి, వింటాను... ఆ సంగతి మీ నాన్నగారికి తెలిసిందా?