ఏరియా గడి

నేను బడికి పోలేదు. మా పాతబస్తీల లొల్లి అయినప్పుడల్లా బడులు మూసేటోళ్లు. మా బాపు పొద్దున పాలు పోసొచ్చి ఇంట్లనే నాతోని చదివించిండు. పది, ఇంటర్ ఓపెన్‌ల రాసిన. యూనివర్సిటీల క్రిమినాలజీ సీటు వచ్చిన నాడు దేవుని ముందర దీపం పెట్టి మస్తు ఏడ్చిన, సంతోషంతోనే.

క్లాసుల మా సారు నగరం మ్యాపు మీద ఎర్ర చుక్కలు పెట్టి, "నేరం మనిషిల ఉంటదా, జాగల ఉంటదా?" అని అడిగిండు. చుక్కలు ఎక్కువ పాతబస్తీ మీదనే ఉన్నయి. అందరు నా దిక్కు చూసిన్రు. "పోలీసోళ్లు ఏడ ఎక్కువ తిరుగుతరో ఆడ కేసులు ఎక్కువ రాస్తరు సార్" అన్న. సారు బల్ల చరిచి మెచ్చుకున్నడు. ఆ మెచ్చుకోలు మీదనే రెండేండ్లు బతికిన.

జైలు వెల్ఫేర్ ఆఫీసర్ అయితననుకున్న. నోటిఫికేషన్ రాలేదు. ఫోరెన్సిక్ ల్యాబుల వాళ్లు సైన్సు డిగ్రీ ఉన్నదా అన్నరు. ఆఖరికి, కొత్తగ కొలువులకు ఎక్కేటోళ్ల ఇండ్లకు పోయి అడ్రసు తనిఖీ చేసే కంపెనీల పని దొరికింది. తలుపు ఫోటో తియ్యాలె, పక్కింటోళ్లను అడగాలె, ఫారం నింపాలె. జాగ మంచిదా కాదా అని టిక్కు పెట్టే ఏరియా గడి గూడ దాంట్ల ఉంటది. దేవుడిచ్చిండని దండం పెట్టుకున్న.

ఒకనాడు మా యాకుత్‌పురా గల్లీ ఫారమే నా చేతికొచ్చింది. మూడిండ్ల అవతల ఉండే, చిన్నమ్మ లెక్క నేను ఖాలా అని పిలిచే ఆమె బిడ్డది. బ్యాంకుల కొలువు. కరెంటు పోయిన రోజుల ఆ ఖాలా ఇంటి ఇన్వర్టర్ లైటు కిందనే నేను పరీక్షలకు చదివిన. తెలిసినోళ్లని మా సూపర్‌వైజర్‌కు చెప్పిన. "ఇంకా మంచిది, ఇల్లు ఎతికే పని లేదు" అన్నడు.

ఫోటో తియ్యబోతే ఖాలా, "అరె ఠైరో, దుపట్టా సదురుకోనీ. తలుపు రంగు గిట్ల పోయిందని కొలువియ్యరా ఏంది?" అన్నది.

"కొలువు తలుపుకు కాదు ఖాలా, నీ బిడ్డకు."

"మంచిగ రాయి బేటీ."

ఉన్నదున్నట్టు రాసిన. సాయంత్రం సూపర్‌వైజర్ ఫోన్ చేసిండు.

"ఏరియా గడిల పాజిటివ్ కొట్టినవేంది? కంపెనీ ఇచ్చిన ఏరియాల లిస్టు చూడలే? ఆ జాగ నెగెటివ్."

"నేను గీ గల్లీలనే ఉంట సార్."

"అయితే ఏంది? టిక్కు మార్చి పంపు."

ఆ గడిల నెగెటివ్ పడితే కొలువు రాదని ఆఫీసుల అందరికి ఎర్కే. క్లాసుల సారుకు చెప్పిన మాట నా నాలుక మీదనే ఉండె. టిక్కు మార్చిన.

నెల తర్వాత రంజాన్ పండుగ నాడు ఖాలా గిన్నె నిండ సేమ్యా పాయసం తెచ్చింది. "నసీబ్ లేదు బేటీ, కొలువు రాలే. నువ్వయితే మంచిగ రాసినవు. అల్లా నిన్ను సల్లగ సూడాలె."

రెండు చేతులతోని అందుకున్న. షుక్రియా అని కూడ అన్న.

మా గల్లీల ఒకరి గిన్నె ఇంకొకరు ఖాళీగ వాపసియ్యరు. దాంట్ల ఏం పెట్టియ్యాల్నో తెల్వక, గిన్నె ఇంకా మా వంటింట్ల బోర్లించే ఉన్నది.