కదలని మైకు ముందు

ఈమధ్య బస్టాండుల్లో చాయ్ పోసే కాగితపు కప్పులు మరీ చిన్నవైపోయాయి. జనగామలో దిగి రెండు తాగితే గానీ ఒకటి తాగినట్టు అనిపించలేదు. నన్ను పిలిచింది చాయ్ కోసం కాదనుకోండి, ప్రాచీన కాలం నుంచి నేటిదాకా నాటకరంగం గురించి ఇరవై నిమిషాల్లో చెప్పమన్నారు కాలేజీవాళ్లు. రాజుల కొలువులు, గుడి మంటపాలు, పరదాల నాటకాలు, రేడియో, టీవీ అన్నీ దాటుకొని పదిహేను నిమిషాల్లోనే ఒడ్డున పడ్డాను. మిగిలిన అయిదు నిమిషాల్లో చెప్పవలసింది అక్కడ చెప్పలేకపోయాను. నా ఈడువాళ్లు కనుక మీకు చెబుతున్నాను.

అరవైతొమ్మిదిలో ఉద్యమం వల్ల కాలేజీలు మూతబడితే ఊరికి వచ్చిపడ్డాను. పొద్దున జనగామ వెళ్లి తెలంగాణ కావాలని గొంతు పోయేలా అరవడం, సాయంత్రం ఊళ్లో ఖాళీగా కూర్చోవడం. ఆ ఖాళీలో నాటకాన్ని ఉద్ధరించాలని తోచింది. ఉద్ధరించడానికి దగ్గరలో దొరికింది ఊరూరా యక్షగానాలు ఆడే చిందు భాగవతుల మేళం. మేళం పెద్దాయన కట్టెకిరీటం పెట్టి రాక్షసరాజు వేషంలో చిందేస్తూ వస్తుంటే, ఊరి పటేలై ఎవరికీ జంకని మా బాపు కూడా కుర్చీ కాస్త వెనక్కి జరుపుకునేవాడు.

గొడవ చల్లారాక జనగామలో నాటక పోటీలు పెట్టారు. పెద్దాయనది ఒకటే ఆశ: చదువుకున్నవాళ్ల ముందు ఒక్కసారి మర్యాద దక్కితే, ఆట మానేసి పనికి పోతామంటున్న కొడుకులు మేళంలో నిలుస్తారని. నేను నోటుబుక్కు పట్టుకొని నెల రోజులు ఆయన వాకిట్లో కూర్చొని, ‘ఎందుకచ్చినవ్‌రా’ అన్నచోటల్లా ‘ఏల వచ్చితివిరా’ అని దిద్దాను. నిన్నటిదాకా అడిగిన రాష్ట్రానికి తనదంటూ ఒక మాట కూడా ఉంటుందని నాకు తట్టలేదు. చదువురాని ఆయన గజ్జె కట్టుకొని అడుగులేస్తూ ఓపికగా అప్పజెప్పేవాడు. అడుగు పడితేనే ఆయనకు మాట పడేది. పోటీలో మైకు కదలదు కనుక మనిషీ కదలకూడదని అదీ మాన్పించాను.

“జర ఒక్క కాలన్న కదుపనియ్యి చిన్న పటేలా,” అన్నాడు.

నియమం ఒప్పుకోదన్నాను. అలాంటి నియమమేదీ లేదని తర్వాత తెలిసింది.

పోటీ నాడు గజ్జె లేని కాళ్లతో మైకు ముందు నిలబడ్డాడు. మొదటి మాట వచ్చింది, రెండోది రాలేదు. పరదా పక్కనుంచి నేను అందిస్తూనే ఉన్నాను. ఆయన నావైపు కాక తన కాళ్లవైపు చూసుకున్నాడు. ముందు వరుసలో మొదలైన నవ్వు వెనకదాకా పోయింది. కిరీటం తీసి చంకన పెట్టుకొని మెట్లు దిగాడు. కింద కొడుకులు తల వంచుకొని నిలబడ్డారు. తర్వాత వాళ్లు పని వెతుక్కుంటూ బొగ్గుబావుల వైపు వెళ్లిపోయారు.

ఇప్పుడు చొక్కాకు తగిలించే మైకులు వచ్చాయి, ఎంత గంతేసినా వినబడుతుంది. ఒకప్పుడు సినిమాల్లో మన మాటకు నవ్వినవాళ్లే ఇప్పుడు దానికి చప్పట్లు కొడుతున్నారు. అన్నీ వచ్చాయి, కాస్త ఆలస్యంగా.

నేను మహబూబాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు, ఎనభైల్లో, పెద్దాయన పోయాడని తెలిసి వాళ్లింటికి వెళ్లాను. తప్పు నాదేనని, అప్పుడు చిన్నతనమని, ఉద్దేశం మంచిదేనని, చదువుకున్నవాడు చెప్పగలిగినంత పొడుగ్గా చెప్పాను. ఆయన భార్య చాటలో బియ్యం ఏరుకుంటూ అంతా విన్నది.

“నీకేంది పటేలా, నౌకరి అచ్చింది. ఆయన మల్ల గజ్జె కట్టనే లేదు.”