గీత కదలలేదు, నట్టు తిరిగింది

ములకలపల్లి దాటాక అడవి అంచున ఒక వాగు ఉంది. మా బామ్మర్ది పికప్ బండి అందులో దిగితే చాలు, వెనక కింద వేలాడే స్టెప్నీ రాళ్లకు కొట్టుకునేది. మిరప బస్తాలుంటే సగం దించి, రెండు విడతలుగా దాటించాలి. ఈసారి అవతలి ఊరి రైతులు ఒక మాట చెప్పారు. దించకుండా ఒక్క లోడు దాటిస్తే సీజనంతా కిరాయి మా బామ్మర్దికే, లేదంటే ట్రాక్టరుకు.

అందుకే మా ఇంటి ముందే ఇద్దరం బండి వెనక భాగాన్ని ఎత్తు చేశాం. బండి బరువు మోసే కమాన్ పట్టీలకూ ఇరుసుకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టి, కింద పలకలు వేసి, పొడవాటి యూ బోల్టులతో బిగించాం. ఎలా చేయాలో కొత్తగూడెంలో ఒక మెకానిక్ చెప్పాడు.

"బిగించుడు సగం పనే. ఓ వంద కిలోమీటర్లు ఖాళీగ తిప్పి, మళ్ల పానా పెట్టున్రి. అప్పుడే లోడెయ్యాలె."

నేను పనిచేసేది లారీలు తూచే వేబ్రిడ్జిలో. అంకెలో తేడా వస్తే నాకు అన్నం సహించదు. మీటరు వంద దాటేదాకా బండిని పాల్వంచ రోడ్డు మీద తిప్పించాను. మర్నాడు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగానే, బండి కింద గోనెసంచి పరుచుకుని పడుకున్నాను.

బిగించిన రోజు ప్రతి నట్టు మీది నుంచి కింది పలక మీదికి తెల్ల రంగుతో ఒక గీత గీశాం. నట్టు తిరిగితే గీత తెగుతుంది. ఎనిమిది నట్లూ చూశాను. ఒక్క గీతా తెగలేదు.

"సూసినవ్ గద బావా. లే, ఆల్లు ఎదురు సూస్తున్నరు," అన్నాడు బామ్మర్ది.

"పానా పెట్టమన్నడు గాని సూడమన్లేదు గద."

మెకానిక్ ఇచ్చిన టార్క్ పానా మీద అతను చెప్పిన అంకె పెట్టాను. బిగువు ఆ అంకెకు చేరితే పానా టక్కుమంటుంది. మొదటి నట్టు మీద లాగాను. టక్కుమనలేదు. నట్టు తిరిగింది. ఇంకా తిరిగింది.

"నువ్వు ఇయ్యాల ఉప్మా ఎక్కువ తిన్నవ్, గందుకే తిరుగుతుంది," అన్నాడు.

"నువ్వు గూడ తిన్నవ్ గద. రా, నువ్వు లాగు."

వాడు పక్కన దూరి రెండోది లాగాడు. అదీ తిరిగింది. వాడి నవ్వు ఆగింది. గీత తెగకుండా బిగువు ఎక్కడికి పోయింది? టార్చి వేసి చూస్తే దిమ్మ అంచున ఎర్రగా ఏదో పిండినట్టు బయటికి వచ్చి ఉంది. గోటితో గీకాను. రంగు.

"వీటికి రంగు ఎంత మందంగ ఏసినవ్?"

"బండికి అందముండాలె గద బావా. రెండు కోటింగులు. పలకలకు పసుపు గూడ ఏసిన."

మా వైపు కొత్త ఇనుము ఏది బిగించినా రంగు లేకుండా వదలరు. ఆ మందమంతా బోల్టు బిగువు కింద నలిగి పక్కకు జారింది. నట్టు ఉన్నచోటే ఉంది, దాని కింద పట్టు పోయింది. ఇలాగే బస్తాలెత్తి వాగులో దిగితే ఇరుసు పక్కకు జరిగేది. నాకు భయం వేసింది, వెంటనే హుషారూ పుట్టింది. తప్పు ఎక్కడుందో దొరికింది.

అంతలో ఫోను మోగింది. రైతు. "ఏంది, వస్తున్నవా లేదా? ట్రాక్టరాయన కల్లం కాడ కూసున్నడు."

"అన్నా, గంట ఆగు. వస్తున్న," అన్నాడు బామ్మర్ది, నావైపు చూస్తూ.

ఒక్కో పక్కా జాకీ మీద లేపి, దిమ్మలు దించి, మెరిసే ఇనుము కనబడేదాకా రంగు గీకాం. మళ్లీ కూర్చి, చక్రాలు నేలకు దించి, బండి బరువు వాటి మీద పడ్డాక బిగించాం. ఎనిమిదిసార్లు టక్కుమంది. మళ్లీ వంద కిలోమీటర్లు తిప్పే వ్యవధి లేదు, అందుకే అవతలి ఊరు చేరగానే, బస్తాలు ఎత్తకముందే మళ్లీ దూరాను. కల్లం దగ్గర మనుషులు గుమిగూడారు.

"బండికి కడుపునొప్పా ఏంది?" అన్నాడు ట్రాక్టరాయన.

ఈసారి పానా పెట్టగానే టక్. ఒక్క నట్టూ కదల్లేదు.

నిండు లోడుతో వాగులో దిగాం. రైతు మోకాళ్ల లోతు నీళ్లలో బండి వెంటే నడుస్తూ, వంగి కిందకు చూస్తున్నాడు. స్టెప్నీ తగిలే చోటు వచ్చింది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి విన్నాను. నీళ్ల చప్పుడు, ఇంజను చప్పుడు, అంతే. ముందు చక్రాలు గట్టెక్కాయి, వెనకవీ ఎక్కాయి.

రైతు నడుం నిలబెట్టి, వాగు అవతల నిలబడ్డ తన ఊరి మనిషికి చెయ్యూపుతూ కేకేశాడు.

"యాడా తగల్లే. ట్రాక్టరాయన్ని ఇంటికి పొమ్మను."