ఒకే మట్టికి రెండు బేస్‌లైన్లు

ఫెబా తల్లి పుల్లమ్మ ప్రత్తిపాడు చుట్టుపక్కల మిరపకోతలకు వెళ్లేది. సాయంత్రం ఎన్నిసార్లు కడుక్కున్నా చేతుల మంట చల్లారక, కొబ్బరినూనె రాసుకుని అరుగు మీద కూర్చునేది. ఆ చేలల్లో కాయకుళ్ళుకు ఏటా కొట్టే రాగి మందు చివరికి మట్టిలో దేన్ని పట్టుకుని ఉంటుందో తేల్చాలని ఫెబా కెమిస్ట్రీలో పరిశోధనకు చేరింది. గైడ్‌గా దొరికింది ప్రొఫెసర్ జయరావు గారు.

ఆయన గది గోడల నిండా ఆయనకు శాలువాలు కప్పుతున్న ఫొటోలే. డేటా ముందు కూర్చోవడం మాత్రం తన హోదాకు తక్కువ. ఫెబా మట్టి శాంపిళ్లు మోసుకుని ఒక్కతే ఇండోర్‌లోని పరిశోధన కేంద్రానికి వెళ్లి ఎక్స్‌రేల కింద పెట్టించుకొచ్చింది. ఆయన రాలేదు. ఆ వారం ఎక్కడో సన్మానం.

ఆ కొలతలు సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, రాగి ఎక్స్‌రేలను మింగడం మొదలుపెట్టిన చోట నిటారుగా ఒక మెట్టు, దాని తర్వాత చిన్న చిన్న అలలు. రాగి పక్కన ఏ అణువులున్నాయో చెప్పేది ఆ అలలే. వాటి మధ్యగా ఒక నున్నటి గీతను అమర్చి తీసేస్తే అలలు మాత్రం మిగులుతాయి. ఆ గీతే బేస్‌లైన్. దాన్ని మరీ వంగనిస్తే అలల్నే మింగేస్తుంది. అందుకే ఎంత వంగాలో చెప్పే అంకె పోల్చే శాంపిళ్లన్నిటికీ ఒకటే ఉండాలి. ఫెబా అలాగే వేసింది.

కొన్ని శాంపిళ్లలో ఒక కంపెనీ పొడి కలిపారు. అది వేస్తే రాగి విషం విరిగిపోతుందని ప్రచారం. ప్రాజెక్టుకు డబ్బు కూడా ఆ కంపెనీదే.

“ఏమ్మా, పొడి వేసినదానికీ వెయ్యనిదానికీ తేడా ఏదీ?” అన్నారు జయరావు గారు.

“లేదు సార్. రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.”

“అట్టాగంటే ఎట్టా? పొడిదానికి బేస్‌లైన్ కాస్త వదులు చెయ్యి. అలల్లో మొదటి శిఖరం తగ్గుద్ది, తేడా కనపడుద్ది.”

“గీత మింగితే తగ్గుద్ది సార్. మట్టిలో ఏం మారదు.”

“సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటుందిగా! మధ్యలో నీకేంటమ్మా నొప్పి?”

ఫెబా ఆయన మొహంలోకి చూసింది. సిగ్గు ఏమూలైనా ఉందేమోనని వెతికింది. లేదు.

“నా పేరు మీద ఆ పని చెయ్యను సార్,” అంది. ఆ రోజుతో ఆమె మనసులో ఆయన పేరు చివర ‘గారు’ రాలిపోయింది.

జయరావు ఆమెకు జూనియరైన చైతన్యకృష్ణను పిలిచాడు. వాడు కిక్కురుమనకుండా అంకె మార్చాడు. శిఖరం కుంగింది. పేపరు అచ్చయింది, ఫెబా పేరు లేకుండా. జయరావుకు ఇంకో శాలువా వచ్చింది. గైడ్‌ను మార్పించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగి ఫెబా చెప్పులరగదీసింది. అంత తిరిగాక మరొకరి దగ్గర థీసిస్ ముగించి, చీరాలలో ఒక డిగ్రీ కాలేజీలో చేరింది.

“పెద్దాయన్ని అంతగా ఈసడించుకోకే. ఆయన కోసం ప్రార్థన చెయ్యి,” అనేది పుల్లమ్మ.

“చేశాలేమ్మా. పైనుంచి ఇంకా జవాబు రాలేదు.”

తర్వాత బయటి దేశం ల్యాబ్ ఒకటి పేపరును అనుమానించి అసలు డేటా అడిగింది. జయరావు క్షణం ఆలోచించకుండా పొరపాటంతా విద్యార్థిదని రాసిపడేశాడు. చైతన్యకృష్ణ ఏడుస్తూ ఫోన్ చేశాడు.

“అక్కా, అంతా నా మీదకి తోసేశాడు!”

“మౌస్ పట్టుకుంది నువ్వే కదరా?”

“సార్ చెప్పారని...”

“చెప్తే చేసేశావు. నీకు బుర్రెందుకు మరి?” ఫెబాకు వాడి మీద జాలి పుట్టలేదు. అయినా ఆ నింద వాడొక్కడి నెత్తిన పడనివ్వబుద్ధి కాలేదు. “నువ్వు చేసింది రాయి. ఎవరు చెయ్యమన్నారో అదీ రాయి. ముందు నన్నే అడిగాడని నేనూ రాస్తా.”

ఇద్దరూ రాశారు. పేపరును పత్రిక వెనక్కి తీసుకుంది. జయరావును ఎవరూ ఏమీ అనలేదు. ఆయన రిటైర్మెంట్ సభకు కంపెనీయే భోజనాలు పెట్టింది. ఈ కాలం పిల్లలకు నిజాయితీ లేదని మైకులో గంభీరంగా వాపోయాడట.

ఆ మాట చైతన్యకృష్ణ ఫోన్‌లో చెబుతుంటే ఫెబా మధ్యలోనే ఆపింది.

“చాల్లేరా. పిల్లలకి ప్రాక్టికల్ ఉంది,” అని ఫోన్ పెట్టేసి ల్యాబ్‌లోకి వెళ్లిపోయింది.