కింది సొరుగు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధం నా గుండెల మీద కూర్చుని ఉంది. లేవదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

శామీర్‌పేట దారిలో నాకు పాత టేకు సామాన్ల దుకాణం ఉంది. ఇంటీరియర్ డిజైన్ చదివి పెట్టాను. చదువుకున్నదాన్నన్న పొగరూ బాగానే ఉండేది. అరవై ఏళ్ల కిందటి సామానంటే నాకు ప్రాణం. నగిషీలు లేని నున్నటి చెక్క, కిందికి సన్నబడే కాళ్లు, పక్కకు జరిగే తలుపులు. అల్వాల్‌లో ఒక పాత ఇల్లు పడగొడుతుంటే అలాంటి పొట్టి బీరువా ఒకటి దొరికింది. ఆ ఇల్లు ఒకప్పుడు ఎవరో లేడీ డాక్టరుగారిదట. శుభ్రం చేస్తూ కింది సొరుగు పూర్తిగా లాగి తిప్పి చూస్తే, అడుగున పెన్సిల్ అక్షరాలు కనిపించాయి. ‘వడ్ల వీరయ్య, గౌడవెల్లి.’ వడ్ల అంటే మా వైపు వడ్రంగి.

మీరైతే ఏం చేసేవారు? నేను ఆకుపచ్చ గుడ్డ ముక్క కోసి ఆ పేరు మీద అంటించాను. పైన ఒక అట్ట పెట్టాను, విదేశంలో చదివొచ్చిన ఆర్కిటెక్టు గీసిన నమూనా అని. ఆయన పేరు రాయలేదు. అలాంటి మనిషి ఉంటే కదా! వడ్రంగి చేశాడంటే కొనేవాళ్లు ముఖం చిట్లిస్తారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అది కూడా కాదు. ఇంత అందమైన ఆలోచన పక్క ఊరి వడ్రంగికి వచ్చి ఉంటుందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఎవరో గీసిస్తే ఈయన కోసి బిగించి ఉంటాడులే అనుకున్నాను.

ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరు ఆ బీరువా చూడ్డానికి వచ్చారు. ఆ లేని ఆర్కిటెక్టు గురించి వాళ్లకు ఊపు మీద చెబుతున్నాను. అప్పుడొక ముసలాయన లోపలికొచ్చాడు. వెనకాలే కొడుకు, చేతిలో బైకు తాళం. ముసలాయన ఎవరినీ పలకరించకుండా తిన్నగా బీరువా దగ్గరికెళ్లి, తలుపుకున్న గుంటలో వేళ్లు పెట్టాడు.

“గిది నేను జేసిన అల్మార.”

కొడుకు సిగ్గుపడిపోయాడు. “ఏమనుకోకుండ్రి మేడం. మా నాయినది ఎప్పుడు గిదే ముచ్చట. డాక్టరమ్మకు గట్ల జేసిన, గిట్ల జేసిన అంటడు. ఇంట్ల ఎవ్వలు నమ్మరు. అద్దంలకెళ్లి కనవడ్డదని బండి ఆపిచ్చిండు.”

ముసలాయన నా వైపు తిరిగాడు. “డాక్టరమ్మ కొంగు ఊకె తలుపు పిడికి తట్టుకుంటుండె. పిడి వద్దని గుంత చెక్కిన. ఆమెది ఎడమ చెయ్యి వాటం. జూడుండ్రి, గుంత గటే వంగుంటది. అర్ర ఇరుకు, తలుపు తెరిస్తే మంచానికి తాకుతుండె, పక్కకు జరిగేటట్టు పెట్టిన. కిందికి చీపురు పోవాలె, గందుకే కాళ్లు పొడుగు. నాకెవ్వలు జెప్పలే. నేనే అనుకున్న.”

ఆ గుంట ఎడమకెందుకు వాలి ఉందో నాకు అన్నాళ్లూ అర్థం కాలేదు. నిమిషం కిందటే దాన్ని ఏదో విదేశీ శైలి అని ఆ భార్యాభర్తలకు చెప్పాను.

“కింది సొరుగు గుంజుండ్రమ్మా. అడుగున నా పేరుంటది. మా పోరడు ఒక్కపారి సూస్తే సాలు.”

కొడుకు నా ముఖంలోకి చూశాడు. ఆ క్షణాన అతను నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆ చూపు నేను మరిచిపోలేను. భార్యాభర్తలూ నన్నే చూస్తున్నారు. నేను సొరుగుకు అడ్డంగా జరిగాను.

“అది ఇరుక్కుపోయింది పెద్దాయనా, రాదు.”

“నేను జేసిన సొరుగు ఇర్కదమ్మా.”

“అయితే ఇది మీరు చేసింది కాదన్నమాట.”

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! నవ్వుతూ అన్నాను కూడా. ఆయన గుంటలోంచి చెయ్యి తీసేసుకుని, “గంతే గావొచ్చు” అన్నాడు. కొడుకు కోప్పడలేదు. “పా నాయినా, ఇగ పా” అని భుజం పట్టుకుని, చిన్నపిల్లాణ్ణి నడిపించినట్టు నడిపించుకెళ్లాడు.

బీరువా ఆ సాయంత్రమే శామీర్‌పేట చెరువు అవతలి విల్లాకు వెళ్లిపోయింది. నేను ఎన్నిసార్లు గౌడవెల్లి దాకా కారు వేసుకెళ్లి, ఊరి మొదట్లోనే వెనక్కి తిప్పానో నాకే లెక్క లేదు. రెండేళ్ల తర్వాత మేడ్చల్‌లో కూరగాయలు కొంటుంటే ఆ కొడుకే గుర్తుపట్టి పలకరించాడు. నాయిన పోయాడన్నాడు. మా దుకాణం నుంచి వెళ్లాక ఆయన డాక్టరమ్మ ఊసే ఎత్తలేదట. ఆఖరి రోజుల్లో మాత్రం, అది నేను చేశానా, చేయలేదా అని కొడుకునే అడిగేవాడట. ఆ రోజు ఉన్నమాట చెప్పి భ్రమ పోగొట్టానని అతను నాకు దండం పెట్టాడు. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? విప్పలేదు. సంచి పట్టుకుని కారు వైపు నడిచాను. కారెక్కాక ఏడ్చాను, కానీ ఆ ఏడుపు ఎవరికి పనికొచ్చింది?

ఒక మనిషి తన చేతులను తానే నమ్మకుండా పోయేలా చేశాను. దానికి క్షమాపణ ఎవరిని అడగాలి? కొడుకు ఉన్నాడు, ఊరూ దగ్గరే. వెళ్తానో లేదో ఈ రోజుకీ తెలియదు. మీ దగ్గర ధైర్యం నటించను. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. ఆ బీరువాను ఆలోచించిందీ, చేసిందీ గౌడవెల్లి వడ్ల వీరయ్య. సొరుగు ఇరుక్కోలేదు. ఆ ఆదివారం పొద్దున్నే దుమ్ము తుడుస్తూ తీశాను. ఒక్క వేలికే వచ్చింది.